ఆస్పత్రి ఎదుటి చర్చి విశ్రాంతి మందిరం: ఎనిమిది రాత్రులు ఉన్నాక రాస్తున్న అభిప్రాయం

మా అన్నయ్యను ఐసియులో చేర్చిన రాత్రి, రోగి వెంట వచ్చినవారు లోపల ఉండడానికి వీల్లేదని సెక్యూరిటీ వారు చెప్పడంతో, ముఖపరిచయమైనా లేని ఊరిలో సంచి పట్టుకుని ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న నన్ను చూసి, డ్యూటీ దిగి వెళ్తున్న ఒక నర్సు ఎదుటి చర్చి వెనుక ఉన్న హాలుకు వెళ్లమన్నారు. రోగుల బంధువుల కోసం ఆ సంఘం వారు ఉచితంగా నడుపుతున్న ఆ విశ్రాంతి మందిరంలో నేను ఎనిమిది రాత్రులు ఉన్నాను. తమ సేవకు ప్రచారం వద్దని సంఘ పెద్దలు కోరారు కనుక పేరు రాయడం లేదు. ఇలాంటి పరిచర్య ప్రారంభించాలనుకునే ఇతర సంఘాలకు ఉపయోగపడుతుందన్న ఆశతో మంచిచెడ్డలు రెండూ రాస్తున్నాను.

అక్కడ నన్ను మొదట ఆకట్టుకున్నది అడిగే ప్రశ్నల వరుస. తలుపు దగ్గరున్న పెద్దాయన నన్ను చూడగానే "భోజనం చేశారా బాబూ?" అని అడిగారు. ఆ తర్వాత చాప, దుప్పటి ఇచ్చి, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే చోటు చూపించారు. పేరు, ఊరు, రోగి అడ్మిషన్ చీటీ రిజిస్టరులో నమోదు చేసుకోవడం మరునాడు ఉదయం జరిగింది. నేను బాప్తిస్మం పొందినవాడినని, ఫలానా సంఘానికి చెందినవాడినని చెప్పుకోవడానికి సిద్ధపడి వెళ్లాను గాని, ఆ మాట చెప్పవలసిన అవసరమే రాలేదు. నా పక్క చాప మీద పడుకున్న ముస్లిం పెద్దమనిషికి, ఏ మతమూ వద్దని చెప్పిన యువకుడికి, నాకు దక్కిన ఆదరణలో రవ్వంత తేడా కూడా నాకు కనిపించలేదు.

దారిలో దొంగలు కొట్టి పడేసిన పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని ఉపమానం మీద నేను చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. వాటిలో చాలామట్టుకు అతడు జాలిపడి గాయాలు కట్టడం దగ్గరే ఆగిపోయేవి. అయితే లూకా సువార్త 10వ అధ్యాయం 35వ వచనంలో అతడు మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇస్తాడు. ద్రాక్షతోట కూలివారి ఉపమానాన్ని బట్టి దేనారము ఒక రోజు కూలి కాబట్టి, అతడు రెండు రోజుల కష్టార్జితాన్ని ముక్కూమొహం తెలియని మనిషి కోసం వదిలి, పైగా బాకీ కూడా నెత్తిన వేసుకున్నాడన్నమాట. ఈ మందిరంలో నేను చూసినది ఆ మరునాటి కనికరమే. మూడో రోజు అన్నయ్యకు రక్తం కావలసి వచ్చినప్పుడు, వారు తమ దగ్గర సిద్ధంగా ఉన్న దాతల జాబితా తీసి గంటలోపే ఇద్దరిని పంపారు. ఇన్సూరెన్సు కౌంటరులో ఏ కాగితం ఎవరికివ్వాలో తెలియక నేను తిరుగుతుంటే, ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు పూట పూర్తయ్యే వరకు నాతో పాటే వరుసలో నిలబడ్డారు. మేము ఇల్లు చేరిన నాలుగు రోజులకు ఫోను చేసి, కుట్లు విప్పారా అని కూడా అడిగారు.

లోపాలలో పెద్దది రాత్రి తాళం. పది గంటలకు గేటు మూస్తారు. ఐదో రాత్రి రెండు గంటలకు ఐసియు నుంచి పిలుపు వచ్చినప్పుడు, తాళంచెవి ఉన్న మనిషిని నిద్రలేపి బయటపడడానికి నాకు పావుగంట పట్టింది. దేవుని దయవల్ల ఆ రాత్రి ప్రమాదం తప్పింది గాని, ఐసియులో మనిషిని పెట్టుకున్నవారికి పావుగంట అంటే ఏమిటో అనుభవించినవారికే తెలుస్తుంది. ఆస్పత్రి కోసమే వెలసిన మందిరంలో రాత్రంతా మేలుకుని ఉండే మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. స్నానాల గదులు చాలవు. స్త్రీల వైపు పరదా బదులు గోడ ఉంటే బాగుంటుంది.

రెండో విషయం కొంత సున్నితమైనది. సాయంత్రం భోజనానికి ముందు అరగంటకు పైగా బైబిలు వాక్యం చెప్పేవారు. బలవంతం లేదని ప్రకటించేవారు, నాకైతే ఆ మాటలే ఆ రోజుల్లో ఊరట. అయినా పొద్దుటి నుంచి ఐసియు తలుపు దగ్గరే ఉండి వచ్చిన ఒక తల్లి, ఆకలితో గోడకు ఆనుకుని కూర్చోవడం చూశాక నేను మౌనంగా ఉండలేకపోయాను. వడ్డన వాక్యం తర్వాతే అయినప్పుడు, ఆకలిగొన్నవారికి లేచి వెళ్లే స్వేచ్ఛ ఎక్కడుంది? మార్కు సువార్త 8వ అధ్యాయంలో, జనులను ఉపవాసంతో పంపితే దారిలో మూర్ఛపోతారని ప్రభువే దిగులుపడ్డాడు కదా అని పెద్దలతో అన్నాను. వారు నొచ్చుకోకుండా విన్నారు, ఆరో రోజు నుంచి ముందు భోజనం పెట్టారు. తిని వెళ్లిపోయినవారు ఉన్నారు, కూర్చున్నవారు తక్కువే. ఆ తల్లి మాత్రం కూర్చున్నారు.

ఈ సేవ అంతా ముగ్గురు నలుగురు పెద్దవయసువారి ఓపిక మీద నడుస్తుండడం నన్ను కలవరపెట్టింది. యెరూషలేములోని తొలి క్రైస్తవ సంఘంలో అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచడంలో, కొందరు విధవరాండ్రకు లోటు జరిగినప్పుడు, సంఘం ఎన్నుకున్న ఏడుగురిని అపొస్తలులు ఆ పని కోసమే నియమించారు. 4వ శతాబ్దంలో కప్పదొకియలోని (నేటి టర్కీ) కైసరయ పట్టణం వెలుపల బిషప్ బసిలు రోగులకు, బాటసారులకు నెలకొల్పిన ఆశ్రమంలోనూ వైద్యులను, పరిచారకులను నియమించాడు. ఇక్కడి యువజనులు కూడా వంతులు వేసుకుని రాత్రి కాపలా పంచుకుంటే తాళం సమస్య ఆ వారంలోనే తీరిపోతుంది.

అవసరమైనవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. అడ్మిషన్ చీటీ, సామానుకు ఒక తాళం దగ్గర ఉంచుకోండి, ఐసియులో మనవారు ఉంటే ఆ సంగతి పడుకునే ముందే తలుపు దగ్గరున్న పెద్దాయనకు చెప్పి ఉంచండి.