అమలాపురంలో నర్సుల ఓఈటీ క్లాసు: ట్రబుల్ అనే ఒక్క మాటకే డబ్బులు వసూల్

అమలాపురంలో ఓఈటీ (ఫారిన్‌లో ఉద్యోగానికి వెళ్లే నర్సులూ డాక్టర్లూ రాసే ఇంగ్లీషు పరీక్ష) కోచింగ్ ఎక్కడ బాగుంటుందని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి ఒకసారి రాసి పడేస్తున్నాను, ఇకనుంచి ఎవరడిగినా ఇదే పంపుతాను. సెంటర్ పేరు రాయడం లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి, ఎందుకొచ్చిన గొడవ. బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మేడ మీద గది, చెప్పేది రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. కావాలంటే విడిగా అడగండి, చెప్తాను.

స్పీకింగ్ కోసమైతే కళ్లు మూసుకుని చేరిపోండి. రైటింగ్ కోసమైతే వద్దు.

స్పీకింగ్ అంటే తెలియనివాళ్లకి: రెండు రోల్ ప్లేలు ఉంటాయి, ఒక్కోటి 5 నిమిషాలు, దానికి ముందు కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు ఇస్తారు. మనం నర్సు, ఎదుటి మనిషి పేషెంటు, లేదా పేషెంటు తాలూకు మనిషి. అక్కడ బరువైన ఇంగ్లీషు దంచితే పనవ్వదు, పేషెంటుకి అర్థమయ్యేలా అడగాలి, అతను చెప్పింది మనకి ఎక్కాలి. చాలా చోట్ల ఏం చేస్తారంటే డిఫికల్టీ, హార్డ్‌షిప్, ట్రబుల్, ప్రాబ్లమ్ అన్నీ వరసగా రాసి, ఎదురుగా కష్టం అని ఒకే అర్థం పెట్టి, జిరాక్సు కాగితం చేతికిచ్చి బట్టీ పట్టమంటారు. ఈ మాస్టారు ఒక్క ట్రబుల్ మీదే పూటంతా కూర్చోబెట్టారు. మొదట్లో ఇదేం సాగదీతరా బాబూ అనిపించింది కానీ, డ్యూటీలో రోజూ నోట్లో నానే మాటలన్నీ అందులోనే ఉన్నాయి.

మొదలుపెట్టిందే గ్యాస్ ట్రబుల్‌తో. మనకి కడుపుబ్బరం దగ్గర్నుంచి ఛాతీలో మంట దాకా అన్నీ గ్యాస్ ట్రబులే కదా. ఇంగ్లండులో అలా అంటే వంటింట్లో గ్యాసు లీకవుతోందేమో అని కంగారు పడతారండీ అన్నారు, అందరూ నవ్వారు. అక్కడ ఉబ్బరాన్ని విండ్ అంటారు, మంటైతే హార్ట్‌బర్న్, అరక్కపోతే ఇండైజెషన్. తర్వాత ఆయాసం. మన వార్డుల్లో 'ఆయాసంగా ఉందాండీ' అని అడిగేదాన్ని 'ఆర్ యూ హావింగ్ ఎనీ ట్రబుల్ బ్రీతింగ్' అనాలి. ఇక్కడ మనవాళ్లందరూ ట్రబుల్ టు బ్రీత్ అంటారు, అది కుదరదు, ట్రబుల్ తర్వాత ఇంగ్ రావాలి, ముందు 'ఎ' పెట్టకూడదు. నిద్ర పట్టకపోతే ట్రబుల్ స్లీపింగ్, మింగుడు పడకపోతే ట్రబుల్ స్వాలోయింగ్. ఈ ఒక్క మూస చేతిలో ఉంటే పేషెంటుని తల నుంచి కాలి దాకా అడిగేయొచ్చు.

ఇంకోటి విని నేను నోరెళ్లబెట్టాను. అక్కడి పెద్దవాళ్లు 'ట్రబుల్ విత్ మై వాటర్‌వర్క్స్' అంటే మూత్రం సంగతి చెప్తున్నారన్నమాట. మనకి వాటర్ వర్క్స్ అంటే మున్సిపాలిటీ ట్యాంకు! ఇది తెలియకపోతే పేషెంటు ఇంట్లో కుళాయి పాడైందని నోట్ చేసుకుంటాం.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది మాత్రం మర్యాద మాటలు. అర్ధరాత్రి బీపీ చూడ్డానికి లేపితే 'సారీ టు ట్రబుల్ యూ', పేషెంటు థాంక్స్ చెబితే 'నో ట్రబుల్ ఎటాల్', ఇవి అందరూ చెప్పేవే. కానీ ఒక ముసలావిడ 'ఐ డోంట్ వాంట్ టు బీ ఎనీ ట్రబుల్' అన్నప్పుడు దాన్ని మంచితనం అనుకుని పక్క బెడ్డుకి వెళ్లిపోవద్దన్నారు మాస్టారు. మన ఊళ్లల్లో మామ్మలు 'నాకేంటమ్మా, బాగానే ఉన్నాను, నువ్వెళ్లి భోంచెయ్' అంటూ నొప్పిని చీరకొంగులో దాచుకుంటారు చూడండి, ఇదీ అంతే. అక్కడ ఆగి, కుర్చీ లాక్కుని, నొప్పి ఎక్కడ ఎంత ఉందో మళ్లీ అడగాలి. రోల్ ప్లేలో ఆయనే ముసలావిడ అయిపోయి, దుప్పటి సర్దుకుంటున్నట్టు చేతులు తిప్పుతూ, అడిగినవాళ్లందరికీ 'ఐయామ్ ఫైన్ డియర్' అని దాటేస్తూ ఒక్కొక్కళ్లని ముప్పుతిప్పలు పెట్టారు. ఇలా చేయించే మనిషిని నేనింకెక్కడా చూళ్లేదు.

ఇన్ ట్రబుల్ అన్నది మాత్రం పేషెంటు బంధువుల దగ్గర వాడొద్దన్నారు. ఆపదలో ఉన్నట్టూ అవుతుంది, తప్పు చేసి దొరికిపోయినట్టూ అవుతుంది. పాతకాలం ఇంగ్లీషులో అయితే పెళ్లికాని పిల్ల నెల తప్పడాన్ని కూడా గుట్టుగా అలాగే అనేవారట, మెటర్నిటీ వార్డులో పడితే గుర్తుంచుకోండి.

ఈ మాట పుట్టుక కూడా చెప్పారు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది కానీ దాని వేరు లాటిన్‌లో ఉంది, కలక, బురద, మడ్డినీళ్లు అనే అర్థం. టర్బిడ్, డిస్టర్బ్ దీని చుట్టాలే. 'ఫిష్ ఇన్ ట్రబుల్డ్ వాటర్స్' అని బోర్డు మీద రాయగానే యానాం నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తి, "మరి ఎర్రనీళ్లలోనే కదండీ పులస పడేది, అందులో తప్పేముందండీ?" అంది. వరదనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి గోదారిలోకి వచ్చే చేప అది, నిజమే కదా! మాస్టారు నవ్వి, "ఆయ్, మనకైతే ఏం తప్పులేదమ్మా, వాళ్ల లెక్కలో అది ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడగడం లాంటిది" అన్నారు. నలుగురి గొడవలో దూరి లాభం చూసుకోవడం అన్నమాట. ఆ తర్వాత కాసేపు క్లాసంతా పులస రేట్ల మీదకి పోయింది, ఆయనా ఆపలేదు.

బెల్‌ఫాస్ట్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో ముక్క. అక్కడ ముందు 'ద' పెట్టి ట్రబుల్స్ అంటే 1960ల చివర్నుంచి 1998లో ఒప్పందం కుదిరేదాకా ఉత్తర ఐర్లాండులో జరిగిన బాంబులు, కాల్పులు. 3,500 మందికి పైగా పోయారు. ముసలి పేషెంటు ఎవరైనా ఆ మాటెత్తితే ఇంట్లో ఇబ్బందులనుకుని ఊరడించబోకండి, ఊరికే వినండి.

ఇక తిట్లు. రైటింగ్ చెప్పేది వేరే అతను. లెటర్ రాసిస్తే కింద 'గుడ్, ఇంప్రూవ్' అని గీకి ఇచ్చేస్తాడు, ఏం ఇంప్రూవ్ అవ్వాలో మాత్రం రాయడు. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో బీ గ్రేడు కావాలి, రైటింగ్‌లో సీ ప్లస్ వస్తే చాలు కాబట్టి వాళ్లూ తేలిగ్గా తీసుకుంటున్నట్టున్నారు, కానీ ఫీజు నాలుగింటికీ కలిపి తీసుకున్నారు కదా. లిజనింగ్ ఆడియో ఫోన్ స్పీకర్లో పెడతారు, వెనక బెంచీకి ఫ్యాను చప్పుడే వినపడుతుంది. హెడ్‌ఫోన్స్ అడిగితే 'చూద్దామండీ' అంటారు, నేను మానేసేదాకా చూస్తూనే ఉన్నారు.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టమంటారు, రెండు విడతలని గట్టిగా పట్టుబడితే ఒప్పుకుంటారు. ఆదివారం బ్యాచ్ వద్దు, హాస్పిటల్ డ్యూటీలవాళ్లంతా అప్పుడే వస్తారు, రోల్ ప్లేకి మీ వంతే రాదు. పొద్దుటి బ్యాచ్‌లో చేరండి, రాజోలు వైపు నుంచి వచ్చేవాళ్లు మొదటి బస్సు పట్టుకుంటే సరిపోతుంది. మాస్టారికి కాస్త చెవుడు, ముందు వరసలో కూర్చోండి.