తెమడ చెప్పేది, ఊపిరితిత్తి ముక్క చెప్పేది

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రాతి ధూళి పీల్చేవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ. అక్కడ ఎవరికైనా రెండు వారాలైనా దగ్గు తగ్గకపోతే ముందు చేయించాల్సింది తెమడ పరీక్షే. కోత లేదు, సర్కారు ఆసుపత్రిలో ఖర్చూ లేదు. సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, అది క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెప్పేస్తుంది. మందు మొదలుపెట్టడానికి అది చాలు.

జబ్బును అర్థం చేసుకోవడానికి మాత్రం చాలదు. తెమడలో దొరికేవి బయటికి కొట్టుకొచ్చిన క్రిములే. లోపల దాక్కున్నవి ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తి ముక్కలో కనబడతాయి. రక్షణ కణాలు క్రిమి చుట్టూ కట్టిన గడ్డలు, వాటి నడుమ జున్నులా మారిన మృతకణజాలం, పక్కనే గుహల్లాంటి ఖాళీలు. రక్తనాళాలు లేని ఆ జున్నులోకి రిఫాంపిసిన్ చేరుతుంది, మాక్సిఫ్లాక్సాసిన్ అనే మరో మందు సరిగా చేరదు. నెలల తరబడి మాత్రలెందుకని అడిగేవాళ్లకు నేను ముందు ఈ గడ్డల గురించే చెబుతాను. ప్రయోగశాలల్లో వాడే మామూలు ఎలుకల్లో ఇలాంటి జున్నుగడ్డలు ఏర్పడవు. అందుకే రోగి సమ్మతితో పరిశోధనకు దాచిన చిన్న ముక్కకైనా నా దృష్టిలో అంత విలువ.

లోటూ ఉంది. ఆపరేషన్ దాకా వెళ్లేది మందులకు లొంగనివాళ్లు, ఊపిరితిత్తి బాగా పాడైనవాళ్లు. మొదటి నెలలో జబ్బు ఎలా ఉంటుందో వాళ్ల ముక్క చూపించలేదు.