బయోడిగ్రేడబుల్ చెత్త సంచి: మూడేళ్లు వాడాక

తడి చెత్త కోసం మూడేళ్లు ఒకే రకం ఆకుపచ్చ సంచి వాడాను. గట్టిదనానికి వంక పెట్టలేను. నీళ్లు కారే తొక్కలు నింపినా ఒక్కసారీ అడుగు చిరగలేదు. అయితే నేను కొన్నది అందుకు కాదు. ప్యాకెట్ మీద ఆకు బొమ్మ పక్కన 'బయోడిగ్రేడబుల్', అంటే కుళ్లి మట్టిలో కలిసిపోయేది అని ఉంది, అది నమ్మి కొన్నాను.

మొదట్లో సంచితో సహా కంపోస్టు డబ్బాలో వేసేదాన్ని. ఎనిమిది నెలలకు జల్లెడ పడితే తొక్కలన్నీ నల్లటి ఎరువయ్యాయి, సంచులు మాత్రం ముడి వేసింది వేసినట్టే ఉన్నాయి. కలియబెట్టినప్పుడు చిరిగినవి పీలికలై ఎరువులో కలిశాయి. అనుమానం వచ్చి ఒక సంచిని కుండీ మట్టిలో పాతాను, ఇంకోటి ఎండ తగిలేచోట కట్టాను. ఎండలోది కొన్ని నెలలకే పెళుసుబారి, ముట్టుకుంటే పొలుసుల్లా రాలింది. కింద చూస్తే చేత్తో ఏరలేనంత చిన్న తునకలు. కుండీలోది రెండేళ్లకు తవ్వి, మట్టి దులిపి చెత్త వేస్తే మోసింది!

అప్పుడు గానీ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవలేదు: 'ఆక్సో-బయోడిగ్రేడబుల్'. మామూలు పాలిథీన్‌లోనే మాంగనీసు, ఇనుము వంటి లోహాల లవణాలు కలిపితే ఎండకూ గాలికీ త్వరగా తునకలవుతుంది. తునకలవడం వేరు, కుళ్లడం వేరు. ఐరోపా సమాఖ్య 2021 జులై నుంచి ఈ రకం ప్లాస్టిక్‌ను మార్కెట్లోకి రానివ్వడం లేదు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ప్రచురించిన పరీక్షలోనూ, మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్న బయోడిగ్రేడబుల్ సంచి ఇంకా సరుకులు మోయగలిగింది. అది చదివాక తప్పు నా కుండీది కాదని తెలిసింది.

ఆ తర్వాత ఏడాదిపాటు, ఈఎన్ 13432 అనే ఐరోపా ప్రమాణం ముద్ర ఉన్న 'కంపోస్టబుల్' (కుళ్లి ఎరువయ్యే) సంచులు వాడాను. ఇవి నయమే, పెద్ద కంపోస్టు కేంద్రానికి చెత్త పంపేవాళ్లు కొనొచ్చు. కానీ ఆ ముద్రకు చేసే పరీక్ష దాదాపు 58 డిగ్రీల సెల్సియస్ వేడిలో చేస్తారు. ఇంటి డబ్బా అంత వేడెక్కి నిలవదు. నా డబ్బాలో ఇవి మెత్తబడ్డాయి, చిరిగాయి, పూర్తిగా పోలేదు. ఇంట్లో కుళ్లేవాటికి 'హోమ్ కంపోస్టబుల్' అని వేరే ముద్ర ఉంటుంది. ఈ తేడాను ప్యాకెట్ ముందువైపే పెద్దగా రాయాలి.

ఇప్పుడు తడి చెత్తను సంచి లేకుండానే డబ్బాలో వేస్తున్నాను. పాత ఎరువు జల్లెడ పట్టిన ప్రతిసారీ ఆకుపచ్చ పీలికలు ఏరుతున్నాను. మొదటి ఏడాది మొక్కలకు వేసేసిన ఎరువులోవి మాత్రం ఏరలేను.