పులికాట్ చూడాలంటే ముందు నేలపట్టు

పులికాట్ సరస్సు అనగానే చాలామంది శ్రీహరికోట రోడ్డు మీద కారు ఆపి, రాజహంసలను (ఫ్లెమింగోలను) ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నన్నడిగితే ముందు నేలపట్టు పక్షుల కేంద్రం చూడాలి. సూళ్లూరుపేట నుంచి నెల్లూరు వైపు హైవేలో సుమారు 20 కిలోమీటర్లు, దొరవారిసత్రం దగ్గర.

చెరువు నీళ్లలోనే పెరిగిన కడప చెట్లు, వాటి నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. వాచ్ టవర్ ఎక్కి బైనాక్యులర్‌లో చూస్తే, ఒక పిల్ల తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూరిపోయి చేపలు తింటోంది. తల్లి రెక్కలు విప్పి తూలుతూ నిలదొక్కుకుంటోంది. ఎంతసేపు చూశానో! 1976లో అభయారణ్యంగా ప్రకటించారు గానీ, ఈ పక్షులను కడుపులో పెట్టుకుని చూసుకున్నది ఊరి రైతులే. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని వాళ్ల నమ్మకం. తెల్లారేసరికి అక్కడుండాలి. టిఫిన్ వెంట తీసుకెళ్లండి.

బస సూళ్లూరుపేటలోనే. మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, తెల్లవారుజామున వేడినీళ్లు మాత్రం రాలేదు. రాకెట్ ప్రయోగాలప్పుడు, జనవరి పక్షుల పండుగప్పుడు గదులు దొరకవు, ముందే బుక్ చేసుకోవాలి.

శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది. రాజహంసలు తల తలకిందులుగా నీళ్లలో ముంచి, కాళ్లతో బురద కలియదొక్కుతూ మేస్తాయి. దగ్గరికెళ్తే లేచిపోతాయి, దయచేసి రోడ్డు దిగకండి. శ్రీహరికోట చెక్‌పోస్టు దాటి లోపలికి అనుమతి లేనిదే పంపరు. పడవ షికారు ఫరవాలేదు, కానీ లైఫ్ జాకెట్లు అడిగితే గానీ ఇవ్వలేదు.

నాకు బాధనిపించింది సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల సంగతి. ఇసుక పూడుకుపోయి సముద్రపు నీరు సరిగా రాదు. ఎండాకాలం ఉత్తరం వైపు బీటలు వారుతుంది, చేపా రొయ్యా తగ్గి జాలర్లు వలసపోతున్నారు. పూడిక తీయమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పక్షుల కోసం వచ్చేవాళ్లం ఈ మాట కూడా గట్టిగా అడగాలి.

సరస్సు దక్షిణపు కొస తమిళనాడులోని పళవేర్కాడు. 1613 నాటి డచ్చివారి గెల్డ్రియా కోటలో ఇప్పుడు పొదలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. దాని కోసమే అయితే వెళ్లక్కర్లేదు. డచ్చి శ్మశానం మాత్రం వదలొద్దు. గేటుకు రెండు వైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, లోపల సమాధి రాళ్ల మీద ఇప్పటికీ చెక్కుచెదరని అక్షరాలు. పొద్దున్నే వెళ్తే ఎండ పడదు, రాళ్ల మీద చెక్కడం కూడా స్పష్టంగా కనిపిస్తుంది.