ఏడేళ్ల క్యాలిబ్రేటర్: కొన్నది రంగుల కోసం, దాచుకున్నది వెలుగు కోసం

నా బల్ల సొరుగులో అరచేతిలో పట్టేంత నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంది. మానిటర్ రంగులూ వెలుగూ కొలిచి సరిచేసే క్యాలిబ్రేటర్ అది. దాని వైరు మధ్యలో చిన్న బరువు ఉంటుంది. ఆ బరువును మానిటర్ వెనక్కి వదిలితే బిళ్ల వచ్చి తెరకు ఆనుకుంటుంది. నెలకోసారి దాన్ని బయటికి తీసి, పొట్టమీద ఉన్న కన్ను తుడిచి, తెర మధ్యలో వేలాడదీస్తాను. దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు గళ్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతుంటాయి. ఏడేళ్లుగా ఇదే తంతు. ఈలోగా మానిటర్ ఒకసారి, కంప్యూటర్ రెండుసార్లు మారాయి. బిళ్ల మాత్రం అదే.

పేజీ లేఅవుట్లు, కేటలాగులు, బ్రోషర్లు చేసుకుని బతుకుతుంటాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు "క్యాలిబ్రేటర్ కొనాలా?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ ఒక్కో రకంగా చెప్పి తికమక పెడుతున్నానని ఈసారి కూర్చుని రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను. ఆ కంపెనీ మీద నాకు కొంచెం కోపముంది, కోపంతో రాసిన పేరు ఎవరికీ పనికిరాదు.

ముందే చెప్పేస్తాను. ఈ బిళ్ల రంగులు సరిచేస్తుందని కొన్నాను. చేసింది కూడా, కొంతవరకు. కానీ దాని ఖరీదు తిరిగి రాబట్టింది మాత్రం నేను మొదట్లో అసలు పట్టించుకోని ఒక్క అంకె. తెర ఎంత వెలుగుతోందో చెప్పే అంకె.

కొన్న కొత్తలో ఏం చేశానంటే, సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రశ్నలన్నిటికీ "తర్వాత", "తర్వాత" అని నొక్కుకుంటూ పోయాను. మధ్యలో ఒకచోట "బ్రైట్‌నెస్ తగ్గించండి, గీత మధ్యలోకి వచ్చేవరకు" అని ఆగింది. తగ్గించి చూస్తే తెర దీపం ఆర్పిన గదిలా కనిపించింది. ఇంత మసకలో పనేం చేస్తాం అనుకుని మళ్లీ పైకి పెంచేసి, ఆ దశ దాటవేసే బటన్ నొక్కాను. రంగుల కొలత అయిపోయింది, ప్రొఫైల్ (తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో రాసి ఉండే ఫైలు) తయారైంది. తెర తెలుపులో అంతకుముందున్న నీలిచాయ పోయింది. బ్రహ్మాండం అనుకున్నాను.

సరిగ్గా నెల తర్వాత ఫర్నిచర్ కేటలాగు ఒకటి వచ్చింది. 64 పేజీలు, దాదాపు అన్నీ ముదురు చెక్క సామాన్లే. రెండు వారాలు ఫొటోలతోనే గడిపాను. ముదురు గోధుమరంగు బల్ల మీద చెక్క గీతలు, కుర్చీ కాళ్ల దగ్గర నీడ, సొరుగు పిడి కింద సన్నటి చీకటి, అన్నీ తెర మీద లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్ పెట్టుకునే చేశాను, ప్రెస్సువాళ్లిచ్చిన సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల) ప్రొఫైల్ వాడాను, నాలుగు సిరాల శాతాలూ కలిపితే మొత్తం 300 దాటకుండా చూసుకున్నాను. పుస్తకంలో చెప్పినట్టే చేశానన్న ధైర్యం.

మొదటి ఫారం (కొన్ని పేజీలు కలిపి ఒకేసారి అచ్చేసే పెద్ద కాగితం) అచ్చయి వచ్చింది. బల్ల ఉన్నచోట నల్లటి ముద్ద ఉంది. కుర్చీకి కాళ్లెక్కడ మొదలయ్యాయో, నీడ ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

ఆ కాగితం చుట్టి పట్టుకుని ప్రెస్సుకి వెళ్లాను. సిరా ఎక్కువ వేశారు, ఇంకేముంటుంది? మెషీన్ దగ్గర ఉన్న పెద్దాయన నా మాట పూర్తిగా విన్నాడు. ఏమీ అనకుండా కాగితాన్ని బల్ల మీద పరిచి, అంచున ఉండే రంగుల పట్టీ మీద సిరా ఎంత దట్టంగా పడిందో కొలిచే డెన్సిటోమీటర్ పెట్టాడు. నాలుగు రంగులకూ నాలుగుసార్లు టక్ టక్ మని నొక్కి, అంకెలు నా వైపు తిప్పాడు. "సిరా లెక్క ప్రకారమే ఉంది బాబూ. ఫైల్లోనే నల్లగా ఉంది" అన్నాడు.

నమ్మలేదు. వాళ్ల కంప్యూటర్లో నా పీడీఎఫ్ తెరవమన్నాను. తెరిచారు. అక్కడా అదే ముద్ద. ఆ మానిటర్ పాతది, మసకగా ఉంది, అదే కారణమని నా మనసుకి సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. రాత్రి లేచి బిళ్ల తగిలించి, ఈసారి ఏ దశా దాటవేయకుండా కూర్చున్నాను. వెలుగు దగ్గర చదరపు మీటరుకు 276 క్యాండెలాలని చూపించింది. అచ్చు పనికి 80 నుంచి 120 మధ్య ఉంచుకోమని అదే సాఫ్ట్‌వేర్ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఎస్‌ఆర్‌జీబీ అనే, తెర రంగులకి అందరూ వాడే ప్రమాణంలో ఊహించుకున్న తెర వెలుగు కూడా 80 క్యాండెలాలే. నా తెర దానికి మూడు రెట్లు మించి మండుతోంది.

అప్పుడు లెక్క అర్థమైంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో దీపం ఎంత ఇస్తే అంతే తిరిగిస్తుంది. తెర మాత్రం వెనక నుంచి దీపం పెట్టుకుని కూర్చుంటుంది. అంత వెలుగులో ఫొటో పలచగా కనిపిస్తుంది కాబట్టి, చెయ్యి తెలియకుండానే దాన్ని ముదురు చేసుకుంటూ పోతుంది. ముదురు చేసినా నీడల్లో గీతలు కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటిని చూపిస్తున్నది ఫొటో కాదు, వెనకున్న దీపం. ఫైల్లో ఆ గీతలకీ నేపథ్యానికీ మధ్య మిగిలింది రెండు మూడు శాతం తేడా. ఆఫ్‌సెట్‌లో (ప్రెస్సు అచ్చులో) రంగు చిన్న చిన్న చుక్కలుగా పడుతుంది, ఆ చుక్క కాగితం మీద కొంచెం విచ్చుకుంటుంది, 50 శాతం చుక్క 60 దాటి కనిపిస్తుంది. ప్రొఫైల్ ఆ విచ్చుకోవడాన్ని లెక్కలో వేసుకుంటుంది, నిజమే. కానీ నేను నా చేత్తో ఫైల్లో కలిపిన చీకటిని ఏ ప్రొఫైల్ మాత్రం ఎందుకు తీసేస్తుంది? రంగుల లెక్క పూర్తిగా సరైనదే. తప్పు రంగులో లేదు.

మిగతా ఫారాలు ఆపించి ఫొటోలన్నీ మళ్లీ చేశాను. పాడైన కాగితం ఖర్చు ఎవరు పెట్టుకున్నారని అడగొద్దు.

బ్రైట్‌నెస్ 100 క్యాండెలాలకి తెచ్చాక మొదటి మూడు రోజులు చలవ కళ్లద్దాలు పెట్టుకుని పనిచేస్తున్నట్టు ఉంది. నాలుగో రోజుకి మరిచిపోయాను. వారం తర్వాత స్నేహితుడి మానిటర్ చూస్తే ట్యూబ్‌లైట్‌లోకి చూస్తున్నట్టు అనిపించింది. సాయంత్రాలు కళ్లు మంట పుట్టడం కూడా తగ్గింది. అది నేను అడగని లాభం. తర్వాత మెల్లగా 95 దగ్గర స్థిరపడ్డాను. ఆ అంకె నా గదికి, నా దీపానికి మాత్రమే సరిపోతుంది. ఎలా కుదుర్చుకున్నానంటే, తెల్లకాగితం ఒకటి దీపం కింద మానిటర్ పక్కన పట్టుకుని, తెర మీద ఖాళీ పేజీ తెరిచి, రెండు తెలుపులూ ఒకేలా కనిపించేవరకు అటూ ఇటూ జరిపాను. ఈ పనికి బిళ్ల కూడా అక్కర్లేదు, నిజం చెప్పాలంటే. బిళ్ల చేసేదల్లా ఆ అంకెను గుర్తుపెట్టుకుని, వచ్చే నెల మళ్లీ అక్కడికే చేర్చడం. మనిషి కంటికి ఆ జ్ఞాపకం లేదు. రోజుకి కొంచెం పెంచుకుంటూ పోతే కన్ను సర్దుకుపోతుంది, పసిగట్టదు.

ఇక రంగుల సంగతి. కొన్న కొత్తలో "రంగుల గొడవ ఇక లేదు" అని చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. మూడో ఏట ఎక్కువ రంగులు చూపించే పెద్ద మానిటర్ కొన్నాను. దాన్నీ ల్యాప్‌టాప్‌నీ పక్కపక్కన పెట్టి రెండిటి తెలుపునీ, అది పసుపుకో నీలానికో ఎంత మొగ్గిందో చెప్పే కొలతలో, 6500 కెల్విన్‌కి కొలిచాను. బిళ్ల రెండూ ఒకటే అంది. నా కంటికి మాత్రం ఒకదాని తెలుపు గులాబీ వైపు, ఇంకోదాని తెలుపు ఆకుపచ్చ వైపు లాగుతోంది. ఈ రకం బిళ్ల లోపల రంగు ఫిల్టర్లుంటాయి, వాటి గుండా చూసి మనిషి కన్ను ఏం చూస్తుందో అంచనా వేస్తుంది. మానిటర్ వెనకుండే దీపం రకం మారితే ఆ అంచనా తప్పుతుంది, ఒక్కో రకానికి వేరే దిద్దుబాటు ఫైలు కావాలి. నా బిళ్ల తయారైన కాలానికి ఆ కొత్త దీపాలు లేవు. దిద్దుబాటు వేసినా తేడా తగ్గింది కానీ పోలేదు. చివరికి రెండు తెరలనూ పక్కపక్కన పెట్టడం మానేశాను. అలాగే, నాలుగు రంగుల సిరాలో పుట్టని మెరిసే నారింజ, పచ్చి ఆకుపచ్చ లాంటి వాటికి ఈ బిళ్ల ఏమీ చెయ్యదు. వాటికి స్పాట్ కలర్ (ముందే కలిపిన ప్రత్యేక సిరాల) షేడ్ పుస్తకమే దిక్కు.

కోపమెందుకో చెప్పలేదు కదా. నాలుగో ఏట కంప్యూటర్ సిస్టమ్ అప్‌డేట్ అయింది. మర్నాడు క్యాలిబ్రేటర్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. అది పాత 32-బిట్ ప్రోగ్రాము, కొత్త సిస్టమ్ అలాంటివాటిని వదిలేసింది. కంపెనీకి రాస్తే ఈ మోడల్‌కి సపోర్ట్ ముగిసిందని, కొత్త మోడల్ మీద తగ్గింపు ఇస్తామని జవాబొచ్చింది. బిళ్ల నిక్షేపంగా ఉంది. దానితో మాట్లాడే గొంతు మాత్రం పీకేశారు. చేతిలో ఒక పుస్తకం కవరు, ఒక వార్షిక నివేదిక ఉన్న వారం అది. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేదు.

ఆదుకున్నది ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మార్కెట్లో ఉన్న, పోయిన చాలా పరికరాలను అది గుర్తుపడుతుంది. తెర మీద నల్లటి విండోలో కమాండ్లు టైప్ చేయాలి, మొదటిరోజు తల బద్దలైంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ పది నిమిషాల్లో ముగించే పని ఇది గంట దాకా చేస్తుంది, ఎందుకంటే గళ్లు చాలా ఎక్కువ కొలుస్తుంది. కానీ ముదురు బూడిద రంగుల్లో వచ్చే తేడాలు దీనితోనే బాగా కుదిరాయి. వెలుగు అంకె కూడా దాపరికం లేకుండా ముందే చూపిస్తుంది. బటన్ నొక్కి దాటేయడానికి బటనే లేదు.

దీన్ని వాడుతున్నవాళ్లకి ఒక చిన్న గుర్తు. నా కంప్యూటర్ ఆన్ చేశాక డెస్క్‌టాప్ వచ్చిన ఒకటి రెండు క్షణాలకి తెర కొద్దిగా పసుపు వైపు జారుతుంది. సరిచేసిన లెక్క అప్పుడే ఎక్కిందన్నమాట. ఆ జారడం కనిపించకపోతే నేను ఫొటో తెరవను. నిద్రపుచ్చి లేపినప్పుడు ఒక్కోసారి ఆ లెక్క ఊడిపోయి ఉంటుంది, అది మాత్రం ఏడేళ్లుగా తీరని చిరాకు.

ఈమధ్య తోటి డిజైనర్ దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ (ఇలాంటి రంగు ఫిల్టర్ల మీద ఆధారపడకుండా వెలుగును విడదీసి కొలిచే పరికరం) ఉంటే ఒక సాయంత్రానికి అడిగి తెచ్చుకుని రెండిటినీ పోల్చాను. తెలుపు దగ్గర నా బిళ్ల 250 కెల్విన్లు పక్కకి పోయింది. ఫిల్టర్లు ముసలివయ్యాయి, ఆశ్చర్యమేం లేదు. వెలుగు లెక్కలో మాత్రం తేడా మూడు క్యాండెలాలే.

కాబట్టి కొనాలా? మీ పని అచ్చుకి వెళ్తుంటే, అందులోనూ ముదురు ఫొటోలు ఎక్కువుంటే, కొనమనే అంటాను. పోస్టులు, బ్యానర్లు చేసి ఫోన్లకి మాత్రమే పంపేవాళ్లకి అంత ఒత్తిడి చేసి చెప్పలేను. చూసేవాళ్ల ఫోన్ ఎండలో ఒక వెలుగు, పక్క మీద ఒక వెలుగు ఇస్తుంది, మీరు కొలిచి ఏం లాభం? కిటికీ పక్కన కూర్చుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గదిలో వెలుతురు మారుతూ ఉండే చోట పనిచేసేవాళ్లు ముందు కిటికీకి ఒక కర్టెన్, ఒక మంచి దీపం కొనుక్కోవాలి. నా గదికి ఒకటే కిటికీ, అది ఎప్పుడూ మూసే ఉంటుంది, పని ఎక్కువ రాత్రిళ్లే. ఈ ఏర్పాటు లేకపోతే నాకు ఇంత ఉపయోగపడేదా అంటే అనుమానమే. పాతది ఎవరైనా చవగ్గా అమ్ముతున్నారంటే మాత్రం ఫిల్టర్ల సంగతి గుర్తు తెచ్చుకోండి.

నేను కొత్తది కొంటానా అంటే, ఈ మానిటర్ ఉన్నంతవరకు కొననేమో. మానిటర్ మారిస్తే తప్పకపోవచ్చు, అప్పుడు కూడా ముందు ఆర్గిల్ దాన్ని గుర్తుపడుతుందో లేదో చూసే కొంటాను.