రెండో కారుకు పార్కింగా, మెట్రో దాకా బస్సా: కొత్త అపార్ట్‌మెంట్లకు ఏది మేలు?

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్ల బ్రోచర్లు తిరగేయండి. క్లబ్ హౌస్ ఎన్ని చదరపు అడుగులో, స్విమ్మింగ్ పూల్ ఏ అంతస్తులోనో వివరంగా ఉంటుంది. అక్కడ ఉండబోయే వేలమంది పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకి ఎలా వెళ్తారన్నదానికి మాత్రం ఒకటే జవాబు: "ఓఆర్ఆర్‌కి (అవుటర్ రింగ్ రోడ్డుకి) ఐదు నిమిషాలు." అంటే కారు కొనుక్కోండి అని.

బ్రిటన్‌లో అయితే, పెద్ద ప్రాజెక్టుకు అనుమతి కావాలంటే ట్రావెల్ ప్లాన్ కూడా పెట్టాలి. జనం దేనిమీద వెళ్తారు, కార్ల వాటా ఎంతకు తగ్గాలి, అందుకు బిల్డర్ ఏం చేస్తాడు, తర్వాత ఎవరు లెక్క చూస్తారు అన్నవి అందులో రాయాలి. మన దగ్గర 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడానికి పర్యావరణ అనుమతి తీసుకునేటప్పుడు లోపలి రోడ్లు, సైకిల్ దారులు, ఫుట్‌పాత్‌ల వివరాలు అడుగుతారు. జనం దిగాక గేటు బయట రోజూ ఏం జరుగుతోందో చూసేది అరుదు. కాబట్టి ఆ ప్లాన్ ఏదో కొనేవాళ్లూ బిల్డరే ముందు మాట్లాడుకోవాలి.

600 ఫ్లాట్ల ప్రాజెక్టు ఒకటి అనుకుందాం. ఇంటికో పార్కింగ్ ఎలాగూ ఉంది. ఆపైన పెట్టే డబ్బు ఎటు పోవాలి? రెండో కారుకు చోటుకా, మెట్రో దాకా తిరిగే సొంత షటిల్ బస్సులకా, ఆర్టీసీ బస్సు రప్పించుకోవడానికా?

ముందు పార్కింగ్. బేస్‌మెంట్‌లో ఒక్క కారుకు, తిరిగే దారితో కలిపి, 32 చదరపు మీటర్లు పడుతుందని ఢిల్లీ మాస్టర్ ప్లాన్ లెక్క. అంటే దాదాపు 344 చదరపు అడుగులు, చిన్న సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లంత. ఇంటింటికీ రెండోది ఇస్తే 19,200 చదరపు మీటర్లు, ఇంచుమించు నాలుగు ముప్పావు ఎకరాలు. కోకాపేట వైపు నేలలో కాస్త తవ్వితే రాయి తగులుతుంది. దాన్ని పగలగొట్టిన ఖర్చు ఫ్లాట్ ధరలోకే వస్తుంది, రెండో కారు లేనివాడి ధరలోకి కూడా. పైగా చోటు కొన్నాక ఖాళీగా ఉంచడానికి ఎవరికీ మనసొప్పదు, కారు వచ్చి తీరుతుంది. ఇక అన్ని కార్లూ ఒకే ర్యాంపు ఎక్కి, ఒకే గేటు దాటి, ఒకే సర్వీస్ రోడ్డు మీద నిలబడతాయి.

అలాగని రెండో కారు అందరికీ విలాసం కాదు. భార్యాభర్తల ఆఫీసులు చెరో దిక్కున ఉండొచ్చు, ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు ఉండొచ్చు. వాళ్లకు చోటు అమ్మండి, కానీ ధర విడిగా చెప్పండి. జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలోని వౌబాన్ కాలనీలో అదే చేశారు. చాలా ఇళ్లకు పార్కింగ్ ఇంటి దగ్గర ఉండదు, కాలనీ అంచున ఉన్న గ్యారేజీలో విడిగా కొనుక్కోవాలి. కారు లేదని రాసిచ్చినవాళ్లకు ఆ ఖర్చు లేదు. మన రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఓపెన్ పార్కింగ్ అందరి ఉమ్మడి స్థలం, బిల్డర్ దాన్ని అమ్మకూడదు. విడి ధర కప్పు కింద ఉన్న గ్యారేజీకే. బుకింగ్ రోజు ఈ తేడా అడిగితే సేల్స్ వాళ్ల ముఖం చూడాలి!

ఇక షటిల్. బ్రోచర్‌లో "మెట్రోకి షటిల్" అని ఉంటే సంతోషించకండి, ఎన్ని బస్సులో అడగండి. నార్సింగి నుంచి రాయదుర్గం స్టేషన్‌కి వెళ్లి రావడానికి పొద్దున ట్రాఫిక్‌లో గంట పడుతుందనుకుందాం. ఒక్క బస్సు ఉంటే గంటకోసారి వస్తుంది. అది తప్పితే ఆఫీసు టైమ్ పోయినట్టే, ఆ టెన్షన్ ఒక్కసారి పడ్డవాడు మళ్లీ ఎక్కడు. మూడు బస్సులుంటే ఇరవై నిమిషాలకొకటి, నాలుగుంటే పావుగంటకొకటి. నా దృష్టిలో ఇరవై నిమిషాలు దాటిన షటిల్ ఉన్నా లేనట్టే. ఇరవై నిమిషాల లెక్కన 25 సీట్ల మినీ బస్సులు రెండు గంటల్లో 150 మందిని దింపుతాయి. 600 ఇళ్లకు ఇది చిన్న సంఖ్య కాదు.

షటిల్ మూతపడే తీరు కూడా దాదాపు ఒకటే. ఫ్లాట్లు అమ్ముడయ్యేదాకా బిల్డర్ నడుపుతాడు. హ్యాండోవర్ అయ్యాక ఖర్చు ఓనర్ల అసోసియేషన్ మీద పడుతుంది. మొదటి మీటింగ్‌లోనే ఎవరో ఒకాయన లేచి, "ఎక్కేది పదిమంది, మెయింటెనెన్స్ అందరం కట్టాలా?" అంటాడు. మూడు బస్సులు ఒకటవుతాయి, ఆ ఒక్కదాన్నీ ఎవరూ నమ్మరు, ఆర్నెల్లకు అదీ ఉండదు.

ఆర్టీసీకి ఆ గొడవ లేదు. ఇంకో పెద్ద లాభం ఉంది, దాన్ని ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. టవర్లకు రోజూ వచ్చేవాళ్లలో వంటమనుషులు, ఇంటిపని చేసేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, డ్రైవర్లు వందల్లో ఉంటారు. షటిల్ సాధారణంగా ఓనర్లకే కాబట్టి వీళ్లు షేర్ ఆటోల్లో వేలాడుతూ వస్తారు. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇంటిపనికి వచ్చే ఆమెకు నెలకు ఆటో ఖర్చు ఎంత మిగులుతుందో ఆమెనే అడగండి. చిక్కల్లా టైమింగ్స్ మన చేతిలో ఉండకపోవడమే. ఎక్కేవాళ్ల లెక్క చూపించి డిపో చుట్టూ తిరగాలి, బస్సు తిరగడానికి చోటివ్వాలి, స్టాపు దగ్గర లైటు, నీడ ఉండాలి. ఆ చోటు బిల్డర్ ప్లాన్ గీసే రోజే వదలాలి, గోడ లేచాక ఎవరూ ఇవ్వరు.

గోడ అంటే గుర్తొచ్చింది. వెనకవైపు ఒక చిన్న గేటు, నడిచేవాళ్ల కోసం. చాలా గేటెడ్ కమ్యూనిటీలకు దారి ఒక్కటే, కాబట్టి గోడకు అవతలే ఉన్న స్టాపుకు చుట్టూ తిరిగి వెళ్లాలి. గార్డు జీతం తప్ప పెద్ద ఖర్చు లేని ఈ గేటుకు పై మూడింటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను. సైకిల్‌కి మాత్రం ఆ నమ్మకం లేదు. ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ బాగుంది, కానీ ఇంటి నుంచి ట్రాక్ దాకా, ట్రాక్ నుంచి ఆఫీసు దాకా రోడ్డెలా ఉందన్నదే అసలు సమస్య.

మియాపూర్ మెట్రో స్టేషన్‌కి నడిచేంత దగ్గరైతే షటిల్ వద్దు, ఫుట్‌పాత్, చిన్న గేటు చాలు. తెల్లాపూర్ వైపైతే షటిల్ టైమింగ్స్ లింగంపల్లి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లతో కలవాలి, లేకపోతే దండగ. కోకాపేట, నార్సింగిలకు షటిలే ముందు, పక్కనే ఆర్టీసీకి చోటు. కోకాపేటకు మెట్రో ప్రతిపాదన ఉంది కానీ, పని పూర్తయ్యేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి.

షటిల్ ఏ రోజు మొదలవ్వాలన్నది కూడా ముఖ్యమే. మొదటి కుటుంబం దిగిన రోజునే మొదలవ్వాలి. సగం ఫ్లాట్లు నిండాక చూద్దాం అంటే, ఆ లోపు దిగినవాళ్లు రెండో కారు కొనేసి ఉంటారు. మూడేళ్ల ఖర్చు బిల్డర్‌దే అని, ఇరవై నిమిషాలకొక బస్సు అని అగ్రిమెంట్‌లో రాయమనండి. రాయనంటే, ఆ షటిల్ విలువ ధరలోంచి తగ్గించమని బేరం ఆడండి.