జూనియర్ సైజు అమెరికన్ ఫుట్‌బాల్, ఫ్లాగ్ బెల్టులు: నల్లగొండలో మూడు నెలలు వాడాక

జూన్‌లో డల్లాస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు ఎన్.జి. కళాశాల మైదానంలో మా బడి పిల్లలకు వెనక్కి పరుగెత్తి చూపించాడు. వాడు అక్కడి హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్సివ్ బ్యాక్, అంటే ఎదుటి జట్టు విసిరే బంతిని అడ్డుకునేవాడు. బంతి అందుకోవడానికి దూసుకొచ్చేవాణ్ని కనిపెడుతూ వెనక్కి జరగాలి, అతను మలుపు తీసుకున్న క్షణంలోనే తనూ తిరిగి వెంటబడాలి. "కళ్లు చూడకూడదు మామయ్యా, నడుము చూడాలి" అన్నాడు. కబడ్డీలో కార్నర్ ఆడే రోజుల్లో కూతకొచ్చేవాడి గురించి మా గురువుగారు నాకు చెప్పిన మాట అదే. ఒళ్లు పులకరించింది.

వాడు వెళ్లాక పిల్లలు నన్ను వదల్లేదు. గడియారం సెంటర్ చుట్టుపక్కల కోలగా ఉండే ఈ ఆట బంతి అడిగితే అందరూ గుండ్రటి బంతే తీశారు. చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించాను: బంతి 1,150 రూపాయలు, పది బెల్టులు 1,400.

బంతి బాగుంది. పెద్దల బంతి పొడవు 11 అంగుళాలు, బరువు 400 గ్రాములకు అటూ ఇటూ. ఏడో తరగతి పిల్లల అరచేతికి అది చాలా పెద్దది. ఇది సరిగ్గా ఇమిడింది. పైనున్న తాడు కుట్ల మీద వేళ్లు ఆనించి వదిలితే గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. కొత్తలో పై పొర జారేది, తడిగుడ్డతో తుడిచి వారం ఆడాక పట్టు వచ్చింది. మొరం నేలకు రెండు మొనలూ గీరుకుపోయాయి, కుట్లు మాత్రం చెక్కుచెదరలేదు. పదిహేను రోజులకోసారి గాలి కొడితే చాలు.

బెల్టులతోనే బాధ. బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టడానికి బదులు నడుముకు వేలాడే పట్టీ లాగేయడమే ఈ ఫ్లాగ్ ఫుట్‌బాల్. రెండో రోజుకే నాలుగు క్లిప్పులు విరిగాయి. అమ్మినవారికి ఫొటోలు పంపినా బదులు లేదు. దర్జీతో వెల్క్రో కుట్టించుకున్నాను. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్త్రీలకూ పురుషులకూ ఉన్న ఆట ఇది. దాని సామాను ఇంత నాసిగా చేయడం పిల్లలకు అన్యాయం.

పిల్లలకు నేను అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడిన మాల్కమ్ బట్లర్ సంగతి చెబుతుంటాను. మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో హైస్కూలు. తర్వాత చేరిన కళాశాల జట్టులో చోటు పోతే వేయించిన చికెన్ అమ్మే దుకాణంలో పనిచేశాడు. వెస్ట్ అలబామా విశ్వవిద్యాలయంలో మళ్లీ ఆడినా, వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2014 డ్రాఫ్టులో ఏడు రౌండ్లూ ముగిసేదాకా ఎవరూ ఎంచుకోలేదు. పరీక్షకు పిలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు తీసుకుంది. 2015 ఫిబ్రవరి 1న ఆ వృత్తి జట్ల ఫైనల్ అయిన సూపర్ బౌల్ చివరి నిమిషంలో సియాటిల్ గెలుపుకు ఒక్క గజం దూరంలో ఉండగా విసిరిన బంతిని మధ్యలో దూరి అందుకున్నాడు. సాధనలో అదే ఎత్తుగడకు తప్పటడుగు వేసినవాడు, ఆ రోజు ముందే కదిలాడు. పేట్రియాట్స్ 28-24తో గెలిచింది.

అందుకే సాయంత్రం ఒకే విసురు ఇరవైసార్లు వేయిస్తాను. మా ఎనిమిదో తరగతి కబడ్డీ అమ్మాయి పద్దెనిమిదిసార్లు ఆలస్యంగా కదిలింది. పంతొమ్మిదోసారి బంతి చేయి వదలకముందే అడుగు వేసి, రెండు చేతులతో పొట్టకు అదుముకుని, మోకాళ్ల మీద మట్టిలో జారింది. బంతి ఇంకొకటి తెప్పిస్తున్నాను. బెల్టులు మాత్రం ఈసారి దర్జీ దగ్గరే.